ఐకారువా పుచ్చుకోని ఆకు

మా బండికి పంక్చరైతే టైరు మార్చేది నేను. నేను వంటవాణ్ణి. సఫారీ బళ్లలో వంటవాడు టైరు ముట్టుకోడు, డ్రైవరు పని డ్రైవరుదే. మిగతా డ్రైవర్లందరూ తమ టైరు తామే మార్చుకుంటారు. ఐకారువా అక్క మాత్రం జాకీ నా చేతిలో పెట్టి, తాను ఒక రాయి చూసుకుని కూర్చుని, కాళ్లు చాపి, "కానీరా పారేవాడా, ఎండెక్కుతోంది" అంటుంది. ఐదేళ్లుగా ఇదే వరస. ఎందుకని ఒక్కసారీ అడగలేదు. అడిగితే చెబుతుందేమోనని నా భయం.

ఆమె కిలిమంజారో వాలున మచామే వైపు పుట్టిన చాగా తెగ మనిషి. నా పేరు సెంకొండొ, మాది పారే కొండలు. చాగాలకూ మాకూ ఎకసెక్కాలు తాతల నాటివి. మేకకోసం కోర్టుకెక్కి ఆవును అమ్ముకునేవాడు పారేవాడని వాళ్లంటారు. చాగావాడు నిజంగా చచ్చాడో లేదో తెలియాలంటే చెవి దగ్గర నాణెం గలగల్లాడించి చూడమని మేమంటాం. వాళ్లకు డబ్బు, మాకు తగవు అని లోకం పంచిపెట్టింది. కానీ పగ పట్టడంలో ఐకారువా అక్క మా ఏడు తరాల వాళ్లను కూర్చోబెట్టి పాఠం చెప్పగలదు.

యాభై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. చెప్పులు విప్పేసి బండి నడుపుతుంది, జేబులో ఉడకబెట్టిన వేరుసెనక్కాయలు ఎప్పుడూ ఉంటాయి. దారికి అడ్డం నిలబడ్డ ఏనుగును చాగా భాషలో తిడుతుంది. స్వాహిలీలో తిడితే అన్ని ఊళ్ల ఏనుగులకూ అర్థమవుతుందట, తమ భాషయితే ఇంటి గుట్టు ఇంట్లోనే ఉంటుందట. ఒక జంటకో ఒక కుటుంబానికో విడిగా చేసే యాత్రలు ఆమెవి. మోషీలో ఎక్కించుకుని, అరూషా సంతలు తిప్పి, సెరెంగేటిలో నాలుగు రోజులు జంతువులను చూపి, వెనక్కొచ్చి టాంగా, బగమోయో పట్నాల మీదుగా సముద్రం దాకా తీసుకెళ్లి, జాంజిబార్ పడవ ఎక్కించి చెయ్యి ఊపడం. పద్నాలుగు రోజులూ బండి ఆమెది, గిన్నెలు నావి.

పదకొండేళ్ల కింద ఇలాంటి యాత్రకే రెండు బళ్లతో వెళ్లాం. ఒకటి అక్కది. రెండోది అమీనియేలిది. అమీనియేలి ఆమె పొరుగువాడు. కొండమీద వాళ్లిద్దరి అరటితోటలకూ మధ్య ఒకే కంచె. వాడికి స్టీరింగు పట్టుకోవడం నేర్పింది ఆమే, కంపెనీలో పని ఇప్పించింది ఆమే. ఆ పొద్దున వాడి బండి పైకప్పు బిగుసుకుపోయి తెరుచుకోలేదు. వాడి బండిలో పిల్లలున్నారు, లేచి నిలబడి చూడాలని ఒకటే గొడవ. అక్క బండిలో ఉన్నది ఇద్దరు ముసలివాళ్లు, వాళ్లెటూ కూర్చునే చూస్తారు. "ఇవ్వాళ్టికి నా బండి తీసుకుపోరా" అని తాళంచెవి ఇచ్చేసింది. పార్కు గేటు దగ్గర ఏ బండికి ఎవరు డ్రైవరో పుస్తకంలో రాసుకుంటారు. ఒక్క పూటకు మార్చుకున్న సంగతి ఎవరూ రాయించలేదు. మా పనిలో అందరూ చేసే తప్పే అది. నూటికి తొంభై తొమ్మిది సార్లు ఏమీ కాదు.

పది గంటల వేళ అమీనియేలికి పిల్లలతో ఉన్న ఆడ చీతా కనబడింది. ఇంకా దగ్గరికి, ఇంకా దగ్గరికి అని బండిలో అరుపులు. బాట దిగి గడ్డిలోకి పోకూడదని వాడికి తెలుసు. దింపాడు. గడ్డిలో నక్కి ఉన్న ఒక పిల్ల వెనక చక్రం కింద పడింది. కుందేలంత పిల్ల. దూరంగా ఉన్న మరో బండివాళ్లకు నంబరు ఒక్కటే కనబడింది.

మధ్యాహ్నానికి ఎవరి బండి వాళ్లు తీసుకున్నారు. సాయంత్రం రేంజర్లు వచ్చారు. పుస్తకంలో ఆ నంబరు పక్కన ఐకారువా పేరుంది. నేను కాదు, వీడు అని ఆమె చెప్పింది. అమీనియేలి తేలు కుట్టిన దొంగలా నేలచూపులు చూస్తూ, నేను పొద్దుట్నుంచీ నా బండిలోనే ఉన్నానండీ అన్నాడు. యాత్రకొచ్చినవాళ్లు కేసు తమ మెడకు చుట్టుకుంటుందని గుడారాల్లోంచి బయటికే రాలేదు. నన్నూ అడిగారు. నేనేం చెప్పానో చివర చెబుతాను. ఇప్పుడే చెబితే మిగతాది వినడం మానేస్తారు.

ఆమె లైసెన్సు పోయింది, ఉద్యోగం పోయింది. ఆమె బండి అమీనియేలికిచ్చారు. ఆమె కోసం ఏటేటా వచ్చే పాత అతిథులు వాడికి దక్కారు. డాష్‌బోర్డు అరలో ఆమె దుర్భిణి ఉండిపోయింది, నల్ల తోలు తొడుగుది, ఆమె పని నచ్చి ఒక ముసలి అతిథి వెళ్తూ వెళ్తూ ఇచ్చింది. అదీ వాడి మెడలోకి పోయింది. అడగడానికి ఒకసారి మనిషిని పంపితే, బండితో పాటు వచ్చింది బండిదే అన్నాడట.

ఆరేళ్లు ఆమె మోషీ బస్టాండులో అరటికాయలు వేయించి అమ్మింది. బస్సు దిగిన డ్రైవర్లు, చీతా పిల్లను తొక్కినావిడ దగ్గర కొనకండిరా, కడుపునొప్పొస్తుంది అని నవ్వుకునేవాళ్లు. కూతుర్ని బడిలో అదే మాటతో ఏడిపించారు. ఆ పిల్ల వచ్చి, అమ్మా నువ్వు నిజంగానే చంపావా అని అడిగిన రోజు, వేయించిన కాయలన్నీ మేకలకు పోసి ఇంటికెళ్లిపోయానని నాతో చెప్పింది. ఏడ్చానని చెప్పలేదు. ఏడ్చి ఉండదు. "వాడి నోటితోనే చెప్పిస్తా. నలుగురూ వినేట్టు చెప్పిస్తా" అంది. ఆమెకు కావలసింది అదొక్కటే. మళ్లీ పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, వేరే కంపెనీలో చేరి, ఏరికోరి నన్నే వంటకు పిలిపించుకుంది. నా వంట మీద మోజనుకున్నాను.

అమీనియేలి బాగా పైకొచ్చాడు. పోయిన ఏడాది డ్రైవరు గైడుల సంఘానికి అధ్యక్షుడిగా నిలబడదామనుకున్నాడు. సంఘం పెద్దలు, పొరుగింటి మనిషితో మనస్పర్థ పెట్టుకుని పెద్దరికానికెలా వస్తావురా, ముందు అది తీర్చుకో అన్నారు. తీర్చుకోవడానికి చాగాల్లో ఒక దారుంది. ఇసాలే అని పొడుగాటి ఆకుల మొక్క, తోటల చుట్టూ కంచెగా వేస్తారు. తప్పు చేసినవాడు ఆ ఆకు తెచ్చి చేతికిస్తే అవతలివాళ్లు కాదనకూడదు. పుచ్చుకున్నాక ఆ తగవు మళ్లీ ఎత్తకూడదు. కాదంటే ఇంటికి మంచిది కాదంటారు. చర్చికి పోయేవాళ్లూ అంటారు, పోనివాళ్లూ అంటారు.

వాడి ఎత్తు అక్కకు ఇట్టే అర్థమైంది. ఆకు చేతిలో పడితే ఆమె నోరు మూతపడుతుంది, వాడు నోరు తెరవాల్సిన పనే ఉండదు. అందుకని ఆమె ఆకు పుచ్చుకోలేదు, కాదననూ లేదు. దొరకలేదు, అంతే. మొదటిసారి వాడి మేనత్త ఆకు పట్టుకుని ఇంటికొస్తే ఈమె వెనక ఆవుల కొట్టంలోంచి తోటలోకి దాటేసింది. రెండోసారి వాడే చర్చి గుమ్మంలో కాపు కాశాడు. ఈమె దారిన పోయే ఎవరి బిడ్డనో ఒక చంకలో, ఎవరి గుమ్మడికాయనో ఇంకో చంకలో ఎత్తుకుని, చేతులు ఖాళీ లేవు నాయనా అంటూ సాగిపోయింది. మూడోసారి పెట్రోలు బంకులో బండి పక్కన బండి ఆపి చెయ్యి చాపాడు. ఈమె అద్దం ఎక్కించేసి, లోపల్నుంచి దండం పెట్టింది. నేను వెనక సీట్లో నవ్వాపుకోలేక చచ్చాను.

ఈ మార్చిలో ఒక బెల్జియం జంటతో సెరెంగేటి అంచున ఎన్డూటు వైపున్నాం. ముందు రోజు కురిసిన వానకు నల్లమన్ను జిగురులా ఉంది. పొద్దున తొమ్మిదిన్నరకు రేడియోలో అమీనియేలి గొంతు. చిత్తడి అంచున బండి ఇరుసు దాకా దిగిపోయింది, అతిథులకు పదకొండింటికి చిన్న విమానం ఉంది, అది తప్పితే జాంజిబారులో పడవా హోటలూ అన్నీ తప్పుతాయి, దగ్గర్లో ఎవరున్నా రండి అని. డ్రైవర్ల రేడియోలో సాయం అడిగితే పలకకుండా ఉండేవాడు మనిషి కాడు. అందరికంటే దగ్గర మేమే. లాగే తాడు గట్టిదున్నదీ మా దగ్గరే.

"వస్తున్నా" అంది అక్క. అని, పావు మైలు పోయి, ఒక తుమ్మచెట్టు మీద నీలిరెక్కల పిట్టను చూపించి బండి ఆపింది. ఆ పిట్ట ఏం తింటుంది, ఎక్కడ గూడు పెడుతుంది, మగపిట్ట ఆడపిట్టను ఎలా మెప్పిస్తుంది, అన్నీ వివరంగా చెప్పింది. ఎవరో సాయం అడుగుతున్నట్టున్నారే అని బెల్జియం ఆవిడ గాభరా పడింది. బురద ఎక్కడికీ పోదమ్మా, పిట్ట ఎగిరిపోతుంది అంది అక్క. నేను గడియారం చూసుకున్నాను. ఇరవై నిమిషాలు.

మేం వెళ్లేసరికి మరో నాలుగు బళ్లు వచ్చి గట్టిమన్ను మీద ఆగి ఉన్నాయి. ఒకదాంట్లో న్గోవి ముసలాయన, సంఘంలో అందరికన్నా పెద్ద, చాగా మనిషే. దిగబడిన బండిని చూడగానే అక్క దవడ బిగిసింది. అది ఆమె పాత బండి. అమీనియేలి మోకాళ్ల దాకా బురదతో దిగి వచ్చాడు. మెడలో నల్ల తోలు దుర్భిణి. తాడు అడుగుతాడనుకున్నాం. అడగలేదు. మళ్లీ బండి దాకా వెళ్లి, ముందద్దం పైన ఎండకు అడ్డంగా ఉండే రేకులోంచి ముడివేసిన ఇసాలే ఆకు తెచ్చి, అందరి ముందూ రెండు చేతులతో ఆమె ముందుకు చాపాడు.

"అక్కా, పాతవన్నీ మర్చిపోదాం. ఇదుగో" అన్నాడు.

ఆపదలో కూడా వాడి బుర్ర ఎంత చురుకో చూడండి. కొట్టం లేదు, చంటిబిడ్డ లేదు, అద్దం లేదు. నలుగురు డ్రైవర్లు చూస్తున్నారు. న్గోవి ముసలాయన గొంతు సవరించుకుని, "పుచ్చుకో అమ్మాయ్. ఆకొచ్చాక కాదనకూడదు" అన్నాడు.

పదకొండేళ్ల పగ ఒక్క ఆకుకింద అణిగిపోతోందే అనుకున్నాను. అక్క మెల్లగా చెయ్యి చాపి ఆకు అందుకుంది. అమీనియేలి ఊపిరి వదిలాడు. ఆమె ఆకును ఎండకు పట్టుకుని ఇటూ అటూ తిప్పింది. ఆమె పెదవి ఒక పక్కకు కదలడం చూశాను. సింహం గడ్డిలో ఎక్కడుందో దొరికినప్పుడు ఆ పెదవి అలాగే కదులుతుంది.

"ఎక్కడ కోశావురా ఇది?"

"ఎక్కడేంటక్కా, కంచెలో."

"కంచెకు ఏ వైపు?"

వాడు ఆకు వంక చూశాడు.

"మీ నాయన వేసినవైపు అంతా పచ్చ ఇసాలే. పసుపంచుది మా అమ్మ తన పుట్టింటి నుంచి తెచ్చి నావైపు నాటింది. మన వాడలో ఇంకెవరి కంచెలోనూ లేదు. పెద్దాయనా, మీరు చూడండి" అని ఆకును న్గోవి చేతిలో పెట్టింది.

ముసలాయన కళ్లజోడు పెట్టుకున్నాడు. ఆకు అంచున సన్నని పసుపు గీత పొడుగునా ఉంది. బాట మీంచి చెయ్యి చాపితే ఏది అందితే అది కోసేశాడు వెధవ. పరాయిదని తోచనే లేదు వాడికి. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఆమె ఆకు తెంపి ఆమెకే ఇస్తున్నాడు.

"నా బండి తీసుకున్నావు. నా అతిథుల్ని తీసుకున్నావు. నా దుర్భిణి మెడలో వేసుకుని నా ముందే నిలబడ్డావు. క్షమించమని అడగడానికైనా నీదంటూ ఒక ఆకు లేదురా నీకు?" అంది అక్క. గొంతు పెంచలేదు.

ముసలాయన కళ్లజోడు తీసి, "ఇది ఆకు కిందికి రాదు. ఎవరిది వాళ్లకే ఇస్తే అది దొంగతనం అవుతుంది గానీ క్షమాపణ కాదు" అని ఆమె ఆకు ఆమెకిచ్చేశాడు. ఒక డ్రైవరు కిసుక్కున నవ్వాడు. బురదబండి కిటికీలోంచి అతిథులు గడియారాలు చూసుకుంటున్నారు. విమానానికి ఇంకా గంట కూడా లేదు. విమానాల మైదానం నలభై నిమిషాల దారి.

"తాడు..." అన్నాడు అమీనియేలి.

"ఉంది. ఆకు లేకపోతేనేం, నీకు నోరుంది. ఆ రోజు చీతా పిల్ల ఎవరి చక్రం కింద పడిందో చెప్పు. నాకు కాదు, నాకు తెలుసు. ఆ రేడియోలో చెప్పు. చెప్పేలోపు తాడు విప్పి పెడతా."

చెప్పకపోతే ఆమె లాగి ఉండేది కాదా? లాగేదే. న్గోవి ముసలాయన ఊరుకుంటాడా? కానీ అమీనియేలికి ఆ ధీమా లేదు. తానైతే లాగడు కాబట్టి ఆమె కూడా లాగదనుకున్నాడు. బండి దగ్గరికి నడిచి, మైకు అందుకున్నాడు. బురద చేతిలోంచి అది రెండుసార్లు జారింది.

"అమీనియేలిని మాట్లాడుతున్నా. పదకొండేళ్ల కింద... చీతా పిల్ల. ఆ పొద్దున ఐకారువా అక్క బండి నా దగ్గరుంది. గడ్డిలోకి దింపింది నేనే. నా చక్రం కిందే పడింది. అక్క అక్కడ లేదు."

రేడియోలో ఎక్కడో నది వైపున్న బండి నుంచి, "విన్నాం" అని వచ్చింది. ఇంకో చోటు నుంచి, "విన్నాం." పేరు తెలియని గొంతులు, తెలిసిన గొంతులు, బస్టాండులో ఆమె అరటికాయలను చూసి నవ్విన గొంతులు, ఒకటి తరువాత ఒకటి విన్నాం విన్నాం అన్నాయి. చివర్న రేంజరు పోస్టు నుంచి కూడా అదే మాట. ఆ రేడియో వాళ్లూ వింటారని అక్కకు తెలుసు. అమీనియేలి తొందర్లో మర్చిపోయాడు.

ఆమె చెయ్యి చాపితే వాడు దుర్భిణి మెడలోంచి తీసిచ్చాడు. తాడు కట్టింది, ఒకే గుంజుకు బండిని బయటికి లాగింది. వాడి అతిథులకు విమానం దొరికింది. అందరూ ఏం మాట్లాడుకున్నారని బెల్జియం ఆవిడ అడిగితే, కంచె తగాదా అని చెప్పి, దుర్భిణి అద్దాలు తన లంగా అంచుతో మూడుసార్లు తుడిచింది. ఆ పూట నేను చేసిన అరటికాయ మాంసం పులుసు మూడు గిన్నెలు తాగింది.

పార్కువాళ్లు అమీనియేలి లైసెన్సు తీసుకున్నారు. సంఘం వాడి పేరు కొట్టేసింది. జాలిపడమని కొందరు నాకు చెప్పారు. ఆరేళ్లు బస్టాండులో పొగ పీల్చింది ఎవరో వాళ్లు మర్చిపోయినట్టున్నారు. నేను జాలిపడను.

జూన్‌లో వాడు మళ్లీ ఆకు తెచ్చాడు. అక్క ఈసారి కొట్టంలోకి పోలేదు, రెండు చేతులూ ఖాళీగా గుమ్మంలోనే నిలబడింది. నిండు పచ్చ ఆకు, ఎక్కడా పసుపు లేదు. తిప్పి చూసి పుచ్చుకుంది. "ఇది నీదే. సరే. ఇంక నావైపు కంచె మీద చెయ్యి వెయ్యకు" అని లోపలికెళ్లిపోయింది. చాయ్ మాత్రం ఇవ్వలేదు.

అంతటితో అయిందనుకున్నాను. తరువాతి యాత్రలో టాంగా వెళ్తూంటే సామె ఊరు దాటాక, సరిగ్గా మా పారే కొండల కింద, పంక్చరైంది. అక్క జాకీ నా చేతిలో పెట్టి రాయి చూసుకుని కూర్చుంది. మా ఊరివాళ్లు సైకిళ్లాపి మరీ చూస్తున్నారు. సిగ్గేసి, ధైర్యం తెచ్చుకుని అడిగాను.

"అక్కా, వాణ్ణి కూడా క్షమించేశావు గదా. నేనెన్నాళ్లు మార్చాలి ఈ టైర్లు?"

ఆమె వేరుసెనక్కాయ ఒలుస్తూ, "నువ్వేం తప్పు చేశావని?" అంది.

తెలుసు ఆమెకు. మొదట్నుంచీ తెలుసు. నేను తల వంచుకుని బోల్టు విప్పసాగాను.

"నువ్వు చాగావాడివి కాదు, నీకు ఆకు అక్కర్లేదు. వాడు రేడియోలో చెప్పాడు. నువ్వెక్కడ చెబుతావో నీ ఇష్టం" అంది.

నాకు రేడియో లేదు. అందుకని ఇక్కడ చెబుతున్నాను. ఆ సాయంత్రం రేంజర్లు నన్ను అడిగినప్పుడు, పొద్దున గుడ్లు వేయిస్తున్నాను, ఎవరు ఏ బండి ఎక్కారో చూడలేదు అన్నాను. గుడ్లు వేయించడం అప్పటికే అయిపోయింది. పెనం కడుగుతున్నాను. అక్క తాళంచెవి వాడి చేతిలో పెట్టడం, వాడు ఆమె బండి ఎక్కడం, నా రెండు కళ్లతో చూశాను. అప్పట్లో వంటవాళ్లకు పనులు పంచేది అమీనియేలి మేనమామ. నేను ఒక్కమాట చెప్పి ఉంటే ఆమె ఆ ఆరేళ్లూ బస్టాండులో కూర్చునేది కాదు. కూతురు ఆ ప్రశ్న అడిగేది కాదు.

ఇది రాసి అక్కకు చదివి వినిపించాను. పెనం సంగతి దగ్గర ఒకసారి ఆపమని, మళ్లీ చదవమంది. చదివాను. టైరు సంగతి ఇంకా ఏమీ అనలేదు.